మీడ్‌కు తేనె ఎంపిక: తీపి పోయాక ఏం మిగులుతుంది?

మీరు అడిగింది ఇది: తేనెను నీటిలో కలిపి పులియబెట్టి చేసే మద్యమైన మీడ్‌ను ఇంట్లో మొదటిసారిగా అయిదు లీటర్లు చేయాలనుకుంటున్నారు, మీకు మూడు రకాల తేనె అందుబాటులో ఉంది. ఒకటి వేడి చేసి, సన్నగా వడపోసి సీసాల్లో అమ్మే లేత బంగారు రంగు తేనె. రెండోది నారింజ తోటలో పెట్టెలు ఉంచి తీసిన పచ్చి తేనె. అది కొంత గడ్డకట్టింది. మూడోది నానారకాల పూల నుంచి వచ్చిన ముదురు గోధుమ రంగు అడవి తేనె. వీటిలో ఏది వాడాలి, ఖరీదు ఎక్కువైన తేనెతో మీడ్ కూడా అంత బాగా వస్తుందా, గడ్డకట్టిన తేనె పాడైనట్టా అన్నవి మీ సందేహాలు. నారింజ తేనెతో మొదలుపెట్టండి అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. నా సలహా కూడా చివరికి అదే. అయితే ఎందుకో తెలియకపోతే రెండోసారి మరో తేనె ఎదురైనప్పుడు మళ్ళీ ఇక్కడికే వస్తారు కనుక కొంచెం విడమరచి చెబుతాను.

తేనెలో సుమారు 80 శాతం చక్కెరలు, 17 నుంచి 18 శాతం నీరు ఉంటాయి. చక్కెరల్లో ఫ్రక్టోజ్‌ది పెద్ద వాటా, సగటున 38 శాతం. తరువాతిది గ్లూకోజ్, 31 శాతం. ఈ రెండింటినీ ఈస్ట్ దాదాపు మిగల్చకుండా తినేసి ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. అంటే చెంచాడు తేనె నాలుక మీద వేసుకున్నప్పుడు మనల్ని ముందుగా పలకరించే ఆ తీపి పూర్తయిన మీడ్‌లో ఉండదు. మిగిలేవి ఆమ్లాలు, ఖనిజాలు, కొద్దిపాటి ప్రోటీన్లు, పువ్వు నుంచి వచ్చిన సువాసన పదార్థాలు, రంగు, కొన్ని తేనెల్లోనైతే చేదు, వగరు. బరువు ప్రకారం చూస్తే ఇవన్నీ కలిపి రెండు మూడు శాతమే, కానీ మీడ్ రుచి అంతా ఆ రెండు మూడు శాతంలోనే ఉంది. కాబట్టి తేనె సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇందులోంచి తీపి తీసేస్తే ఏం మిగులుతుంది?

తీపి చాలా లోపాలను కప్పిపుచ్చుతుంది. రొట్టె మీద పూసుకుంటే ఎంతో హాయిగా ఉండే ఒక తేనె, తీపి కరిగిపోయాక అడుగున దాక్కున్న చేదుతో బయటపడవచ్చు. ముద్దగా, ఘాటుగా ఉందని ఇంట్లో ఎవరూ ముట్టని మరో తేనె ఏడాది తరువాత అద్భుతమైన మీడ్‌గా తేలవచ్చు. మన భాషలో మధువు అంటే తేనె, మధువు అంటే మద్యం కూడా. ఇంగ్లీషులోని మీడ్ అన్న మాట కూడా సంస్కృతంలోని ఈ మధు శబ్దానికి దాయాదే. పేరు ఒకటే అయినా రుచి ఒకటి కాదన్న సంగతి తొలి జాడీ తెరిచిన ప్రతివారికీ తెలిసివస్తుంది.

ఆ మిగిలేదాన్ని ముందుగానే పట్టుకోవడానికి నేను ప్రతి కొత్త తేనెకూ చేసే చిన్న పరీక్ష ఒకటుంది. 25 గ్రాముల తేనెను 75 గ్రాముల గోరువెచ్చని నీటిలో పూర్తిగా కరిగించాలి. పులియడానికి ముందు మీడ్ ఉండే చిక్కదనం దాదాపు ఇంతే. గ్లాసు మీద చిన్న పళ్ళెం మూతపెట్టి, పూర్తిగా చల్లారనిచ్చి, పావుగంట తరువాత మూత కొంచెం పక్కకు జరిపి వాసన చూడాలి. సీసా మూత తీసినప్పుడు తగలని వాసనలు ఇప్పుడు విడివిడిగా తెలుస్తాయి: పువ్వు, ఎండుగడ్డి, మైనం, తడి చెక్క, ఒక్కోసారి పశువుల కొట్టం. తరువాత ముక్కు వేళ్ళతో గట్టిగా మూసుకుని ఒక గుక్క నోట్లోకి తీసుకోండి. ముక్కు మూసి ఉండగా తెలిసేవి తీపి, పులుపు, చేదు, వగరు మాత్రమే. మింగకుండా ఉంచి వేళ్ళు వదలండి. ఒక్కసారిగా పైకి వచ్చేదే ఆ తేనె పరిమళం. వదిలాక కూడా తీపి తప్ప కొత్తగా ఏమీ రాకపోతే ఆ తేనెతో చేసిన మీడ్‌లో కూడా ఏమీ రాదు. మింగేశాక ఒక నిమిషం ఆగి నాలుక వెనుక భాగాన్ని గమనించండి, ఎందుకంటే తీపి తగ్గే కొద్దీ అక్కడ నిలిచే చేదే రేపు మీడ్‌లో ముందు వరుసలో కూర్చుంటుంది.

అదే గ్లాసును మూత లేకుండా ఒక రాత్రి ఉంచి, తెల్లవారాక మళ్ళీ వాసన చూస్తాను. పులిసేటప్పుడు జాడీలో నుంచి వారాల తరబడి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పైకి వస్తూనే ఉంటాయి, తేలికగా ఎగిరిపోయే సువాసనలను తమతో తీసుకుపోతాయి. మీడ్ పులిసే గది ఘుమఘుమలాడుతోందంటే ఆ పరిమళం జాడీని వదిలి గదిలోకి వస్తున్నట్టే కదా. రాత్రంతా గాలికి ఉన్నా ఇంకా పలికే వాసన ఉన్న తేనె ఆ నష్టాన్ని తట్టుకుంటుంది. ఈ పరీక్ష పూర్తిగా నమ్మదగినదని అనను, ఈస్ట్ తనవైన కొత్త వాసనలను కూడా తెస్తుంది కనుక; అయినా ఏ తేనె మీద డబ్బు పెట్టకూడదో ఇది నాకు చాలాసార్లు ముందే చెప్పింది.

మీ మూడు తేనెల్లో నారింజ తేనె ఈ పరీక్షలో సులభంగా నెగ్గుతుంది. దానికి ఆ ప్రత్యేక పరిమళాన్ని ఇచ్చే పదార్థాల్లో ముఖ్యమైనది మిథైల్ ఆంత్రనిలేట్. కొన్ని జాతుల నల్ల ద్రాక్షకు ఆ గుర్తుపట్టదగిన వాసన ఇచ్చేది కూడా ఇదే. పులిశాక కూడా ఈ పరిమళంలో మంచి భాగం మిగులుతుంది, చేదు ఉండదు, ఆరు నెలలకే తాగడానికి తగినట్టు తయారవుతుంది. మొదటిసారి చేసేవారికి ఏడాదిన్నర ఓపిక పట్టమని చెప్పడం కన్నా ఆరు నెలల్లో సంతోషపెట్టే తేనెను చూపించడం న్యాయం. దాన్ని సిఫారసు చేయడానికి నా అసలు కారణం ఇదే.

అడవి తేనె గురించి ముందుగా ఏమీ చెప్పలేం. నానారకాల పూల తేనె ఏడాదికొక రకంగా, ఒక్కోసారి పెట్టె పెట్టెకూ ఒక రకంగా ఉంటుంది. అందులో అందమూ ఉంది, ప్రమాదమూ ఉంది. పరీక్ష చేసి, నాలుక వెనుక చేదు నిలవకపోతే ధైర్యంగా వాడండి. సీసాల్లో అమ్మే తేనె పరిస్థితి వేరు. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన తేనెలను కలిపి, ప్రతిసారీ ఒకే రంగు, ఒకే రుచి వచ్చేలా చూసి అమ్మడం వాళ్ళ వ్యాపారం. దానితో మీడ్ చెడిపోదు, శుభ్రంగానే పులుస్తుంది, కానీ తేనె మాత్రమే వేసి చేసిన మీడ్‌లో చప్పగా ఉంటుంది.

మిగిలిన పూల తేనెలను గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. క్లోవర్ తేనె నెమ్మదైనది, నమ్మకమైనది, ఎప్పుడూ తప్పు చేయదు. అలాగని ఎప్పుడూ ఆశ్చర్యపరచదు. రోబీనియా చెట్ల పూల నుంచి వచ్చే, అకేసియా పేరుతో అమ్మే తేనెలో ఫ్రక్టోజ్ ఎక్కువ, అందుకే ఏళ్ళ తరబడి గడ్డకట్టదు; దాని పరిమళం మరీ సున్నితం కనుక ఒంటరిగా చేస్తే పలచని మీడ్ వస్తుంది, పూలతోనో పండ్లతోనో జత చేస్తే చక్కగా ఒదుగుతుంది. లిండెన్ తేనెలో పుదీనాను తలపించే చల్లదనం ఉంటుంది, అది పులిశాక కూడా నిలుస్తుంది. చెస్ట్‌నట్ తేనెలో చేదు, వగరు రెండూ బాహాటంగా ఉంటాయి. ఏళ్ళు ఆగగలిగినవారే దాని జోలికి పోవాలి. యూకలిప్టస్ తేనెల్లో కొన్నింటికి మందు వాసన ఉంటుంది, తీపి పోయాక ఆ వాసన ఇంకా ముందుకు వస్తుంది. హెదర్ తేనె విచిత్రమైనది: కదపకపోతే జిగురు ముద్దలా ఉంటుంది, కలిపితే ద్రవమవుతుంది, వదిలేస్తే మళ్ళీ ముద్దవుతుంది. అందులోని ప్రోటీన్లే దానికి కారణం. ఆ ప్రోటీన్ల వల్లే దాని మీడ్ తేరుకోవడానికి కూడా సమయం పడుతుంది, కానీ ఆ పరిమళం కోసం ఎదురుచూడవచ్చు. మానుకా తేనెతో మీడ్ చేయడం మాత్రం నా దృష్టిలో వృథా. మిథైల్ గ్లయాక్సల్ వల్ల సూక్ష్మజీవులను అణిచే గుణం ఉందని దానికి అంత ధర పెడతారు. ఆ గుణంతో మీడ్‌కు పనిలేదు, రుచి కోసమైతే దానిలో నాలుగో వంతు ధరకే అంతకన్నా మంచి తేనెలు దొరుకుతాయి.

బక్‌వీట్ తేనె గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దాని విషయంలోనే నేను రెండుసార్లు తప్పు తీర్పు ఇచ్చాను. నల్లని బెల్లం పాకంలా ఉంటుంది, మాల్ట్ రుచి, పశువుల కొట్టపు వాసన. ఒకసారి క్లోవర్, పొద్దుతిరుగుడు, బక్‌వీట్ తేనెలతో మూడు లీటరు సీసాలు పక్కపక్కన పెట్టాను. ఒక్కోదానిలో 330 గ్రాముల తేనె, ఒకే ఈస్ట్, ఒకే మోతాదులో పోషకాలు. బక్‌వీట్ సీసా పది రోజుల్లో పులిసి ఊరుకుంది, క్లోవర్ సీసా నాలుగు వారాలు తీసుకుంది. రెండో నెలలో రుచి చూసి బక్‌వీట్‌ను పారబోద్దామనుకున్నాను, అంత మోటుగా ఉంది. ఖాళీ చేసే ఓపిక లేక అల్మరా వెనక్కి నెట్టేశాను. పధ్నాలుగో నెలలో తెరిస్తే ఆ కొట్టం వాసన తోలు వాసనగా, మాల్ట్ రుచి ఎండు ఖర్జూరం లాంటి రుచిగా మారి ఉంది. ఆ ఉత్సాహంలో తరువాతి ఏడు పూర్తిగా బక్‌వీట్ తేనెతోనే పెద్ద జాడీ పెట్టాను, అది రెండేళ్ళయినా లొంగలేదు. ఇప్పుడు దాన్ని మొత్తం తేనెలో పదోవంతుకు మించి వాడను. ఆ మోతాదులో అది చప్పని తేనెకు వెన్నెముక ఇస్తుంది.

బక్‌వీట్ సీసా అంత తొందరగా పులవడం యాదృచ్ఛికం కాదు. ముదురు రంగు తేనెల్లో సాధారణంగా ఖనిజాలు, ప్రోటీన్లు ఎక్కువ. తేనె రంగును ఫండ్ కొలబద్ద మీద మిల్లీమీటర్లలో కొలుస్తారు. 8 లోపు ఉంటే నీటి తెలుపు, 114 దాటితే ముదురు అంబర్, అంటే ముదురు గోధుమ రంగు. ఈ కొలత చివరలకు వెళ్ళే కొద్దీ ఈస్ట్ ప్రవర్తన కూడా మారుతుంది. ఈస్ట్‌కు లీటరుకు కనీసం 150 నుంచి 200 మిల్లీగ్రాముల నత్రజని కావాలి. నీటిలో కలిపిన తేనెలో దొరికేది అందులో చిన్న వంతు మాత్రమే. లేత రంగు తేనెలో అది మరీ తక్కువ కనుక ఈస్ట్ ఆకలితో కుళ్ళిన గుడ్ల వాసన పుట్టిస్తుంది. చాలామంది ఆ తప్పును తేనె మీదకు నెడతారు. తేనె ఏదైనా ఈస్ట్ పోషకాలను మొదటి మూడు నాలుగు రోజుల్లో విడతలుగా ఇవ్వండి. గుప్పెడు కిస్‌మిస్ వేస్తే చాలన్న పాత సలహాను పట్టించుకోకండి, ఆ గుప్పెడులో ఉండే నత్రజని ఏ మూలకూ రాదు.

ఖనిజాల వల్ల మరో ప్రయోజనం ఉంది. తేనె సహజంగానే పులుపు. దాని పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) సగటున 3.9, ఆ పులుపుకు ముఖ్య కారణం గ్లూకోనిక్ ఆమ్లం. తీపి వల్ల అది మనకు తెలియదు. లేత తేనెలో ఆమ్లాన్ని సర్దే ఖనిజాలు తక్కువ కనుక పులిసే తొలి రోజుల్లో పీహెచ్ వేగంగా పడిపోయి, 3 దరిదాపుల్లోకి చేరి, ఈస్ట్ మందగించవచ్చు. కాబట్టి మొదట్లోనే నిమ్మరసం పిండమని చెప్పే వంటకాలను అనుసరించకండి. పులుపు కావాలంటే అంతా అయ్యాక, రుచి చూసి, చివర్లో కలుపుకోవచ్చు. ముదురు తేనెలు ఈ విషయంలో తమను తాము కాపాడుకుంటాయి. పూల నుంచి కాక, చెట్ల రసం పీల్చే చిన్న పురుగులు విడిచే తీపి స్రావాన్ని తేనెటీగలు సేకరించి చేసే హనీడ్యూ తేనె అయితే మరీను. దానిలో ఖనిజాలు పుష్కలం, పీహెచ్ కూడా కొంచెం ఎక్కువ.

ఇక పచ్చి తేనెనా, వేడి చేసినదా అన్న ప్రశ్న. నా ఓటు పచ్చి తేనెకే, అయితే ఆరోగ్యం పేరుతో చెప్పే కారణాల వల్ల కాదు, సువాసన వల్ల. వేడికి మొదట పోయేది సున్నితమైన పరిమళమే. వేడి చేసినా, వేడి చోట చాలాకాలం నిలవ ఉంచినా తేనెలో హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం అది కిలోకు 40 మిల్లీగ్రాములు, ఉష్ణమండల దేశాల తేనెలోనైతే 80 మిల్లీగ్రాములు దాటకూడదు. సన్నని వడపోతలో పుప్పొడి కూడా పోతుంది, పుప్పొడిలో ఈస్ట్‌కు పనికొచ్చే నత్రజని ఉంటుంది. పచ్చి తేనెలో అడవి ఈస్ట్‌లు ఉంటాయి కదా, నీటితో కలిపి మరిగించాలి కదా అని మీరు అడగవచ్చు. పూర్వం మరిగించి, పైకి తేలిన మైనం, ప్రోటీన్ల నురగను గరిటెతో తీసేసేవారు. శుభ్రమైన తేనె, శుభ్రమైన పాత్రలు, చురుకైన ఈస్ట్ ఉంటే దాని అవసరం లేదు. తగినంత ఈస్ట్ వేస్తే అడవి ఈస్ట్‌లకు తలెత్తే వ్యవధి దొరకదు. పచ్చి తేనెలో రెక్కలో, మైనం ముక్కలో కనిపిస్తే కంగారు పడకండి, అవి పైకి తేలుతాయి లేదా మడ్డితో పాటు అడుగున ఉండిపోతాయి.

గడ్డకట్టిన తేనె పాడైనది కాదు. నీటిలో నిలవలేనంత గ్లూకోజ్ ఉన్నప్పుడు అది స్ఫటికాలుగా విడిపోతుంది, అంతే. ఆవజాతి పూల తేనె తీసిన కొద్ది వారాల్లోనే రాయిలా బిగుసుకుంటుంది. మీ నారింజ తేనె సీసాను 40 డిగ్రీలు దాటని నీటిలో నిలబెట్టండి; తేనెపట్టు లోపల పిల్లపురుగుల దగ్గర ఉష్ణోగ్రత ఎలాగూ 35 డిగ్రీలు ఉంటుంది కనుక ఆ మాత్రం వేడి దానికి కొత్త కాదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. సగం గడ్డకట్టి పైన పలచని పొర నిలిచిన సీసాలో, ఆ పైపొరలో తేమ ఎక్కువగా ఉంటుంది, అక్కడే తేనె తనంతట తాను పులిసే అవకాశం ఉంది. మూత తీయగానే బుస్సుమని గాలి వచ్చినా, పైన నురగ కట్టినా, పుల్లని వాసన తగిలినా ఆ తేనె వద్దు. అవేవీ లేకపోతే మొత్తం కరిగించి, బాగా కలిపి, ఆ తరువాతే తూకం వేయండి.

కోడెక్స్ ప్రమాణం తేనెలో తేమను 20 శాతానికి, హెదర్ తేనెలో 23 శాతానికి పరిమితం చేస్తుంది. తేనెటీగలు గదులకు మైనపు మూత వేయకముందే పిండిన తేనెలో తేమ అంతకన్నా ఎక్కువే ఉంటుంది, అది నిలవకు పనికిరాదు. మీడ్‌కు మాత్రం, తాజాగా ఉండి వెంటనే వాడేటట్లయితే, అది నిక్షేపంగా పనికొస్తుంది. మనం ఎలాగూ నీళ్ళు కలపబోతున్నాం. చక్కెర కొంచెం తక్కువ ఉంటుంది కనుక ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ చూపిన దాన్ని బట్టి తేనె పెంచుకుంటే సరి.

కల్తీ విషయంలో ఒక చేదు అనుభవం. కొన్నేళ్ళ క్రితం ఒక వ్యాపారి దగ్గర పెద్ద డబ్బా చవగ్గా వస్తే కొని పది లీటర్లు పెట్టాను. పులవడానికి ఏ ఇబ్బందీ పెట్టలేదు, చక్కగా తేరుకుంది, గాజులా మెరిసింది. రుచి చూస్తే పంచదార నీళ్ళు పులిసినట్టు ఉంది, తేనె జాడ లేదు. ఆ డబ్బాలో అడుగున మిగిలిన దానికి పైన చెప్పిన ముక్కు పరీక్ష చేశాను. వేళ్ళు వదిలినా ఏమీ రాలేదు. ముందే చేసి ఉంటే పది లీటర్లు మిగిలేవి. నీటిలో చుక్క వేసి అడుగుకు చేరుతుందా అని చూడడం, అగ్గిపుల్ల ముంచి గీయడం, బొటనవేలి మీద నిలుస్తుందా అని చూడడం ఇవన్నీ తేమనూ చిక్కదనాన్నీ చెబుతాయి గాని కల్తీని చెప్పవు, చిక్కని చక్కెర పాకం ఈ పరీక్షలన్నీ నెగ్గుతుంది. ప్రయోగశాలల్లో కర్బన ఐసోటోపుల నిష్పత్తితో చెరకు, మొక్కజొన్న పాకాలను పట్టుకుంటారు. వరి, బీట్ దుంపల పాకాలు ఆ పరీక్షకు చిక్కవు, వాటికి ఎన్‌ఎంఆర్ లాంటి వేరే పద్ధతులు కావాలి. ఇంట్లో మనకున్న మార్గం పెంపకందారు దగ్గరే కొని, ఏ పువ్వు, ఏ నెలలో తీశారు, గదులకు మూతలు పడ్డాకే తీశారా అని అడగడం. నిజంగా తీసినవారు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. పైగా అరగంట మాట్లాడతారు.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని అడవి తేనె విషయంలో ఒక హెచ్చరిక కూడా చేయాలి. కొన్ని రకాల రోడోడెండ్రాన్ పూల తేనెలో గ్రయానోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది; టర్కీలోని నల్లసముద్ర తీరంలోనూ, నేపాల్ కొండల్లోనూ దొరికే పిచ్చి తేనె ఇదే. అది రక్తపోటునూ గుండె వేగాన్నీ ప్రమాదకరంగా తగ్గిస్తుంది. పులిస్తే విషం పోతుందన్న నమ్మకంతో దాన్ని మీడ్‌లో వాడవద్దు.

తేనె పరిమాణాన్ని తూకంతోనే చూడండి. తేనె నీటికన్నా సుమారు 1.42 రెట్లు బరువు కనుక లీటరు తేనె అంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. లీటర్ల లెక్కనూ కిలోల లెక్కనూ కలిపేసుకుని బోల్తాపడేవారు చాలామంది. మీ అయిదు లీటర్లకు కిలోన్నర తేనె తీసుకుని, దాని మీద మొత్తం అయిదు లీటర్లు అయ్యేలా క్లోరిన్ లేని నీరు పోయండి. సాంద్రత 1.088 దగ్గర ఉంటుంది, పూర్తిగా పులిస్తే సుమారు 11.5 శాతం ఆల్కహాల్ వస్తుంది. హైడ్రోమీటర్ అంతకన్నా బాగా తక్కువ చూపితే తేనె అడుగున కరగకుండా కూర్చుని ఉందేమో చూడండి. మొదటిసారి నాకు అలాగే జరిగి, తొందరపడి ఇంకో అరకిలో కలిపేశాను. పోలండ్‌వారి సంప్రదాయంలో ఒక భాగం తేనెకు అరభాగం నీరు మొదలుకుని మూడు భాగాల నీటి వరకు నాలుగు మెట్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పేరు. చిక్కని మెట్లకు ఏళ్ళ తరబడి నిలవ కావాలి. మీరు పెట్టబోయేది వాటన్నిటికన్నా పలచనిది, మొదటిసారికి అదే నయం.

చేతిలో ఉన్న మంచి తేనెనంతా మొదట్లోనే పోసేయకండి. ఖరీదైన తేనె గురించి మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇక్కడుంది. పులిసే దశలో బుడగలతో ఎగిరిపోయే పరిమళానికి ఎక్కువ ధర పెట్టడం కన్నా, పులవడం పూర్తయి, మీడ్ తేరుకుని, మడ్డి నుంచి వేరు చేశాక, అదే తేనెను కొద్దిగా తీపి కోసం కలపడం మేలు. అప్పుడు కలిపిన తేనె పరిమళం చెక్కుచెదరకుండా అలాగే నిలుస్తుంది. లీటరుకు 40 గ్రాములు కలిపితే సాంద్రత సుమారు 0.012 పెరుగుతుంది, మీ అయిదు లీటర్లకు 200 గ్రాములు చాలు, మధ్యస్థంగా తీపి వస్తుంది. దానికి ముందు పొటాషియం మెటాబైసల్ఫైట్, పొటాషియం సోర్బేట్ రెండూ సరైన మోతాదులో వేసి ఈస్ట్ మళ్ళీ లేవకుండా చూడాలి, లేకపోతే మూసిన సీసాలు పగిలే ప్రమాదం ఉంది. నారింజ తేనె తక్కువ దొరికినప్పుడు నేను కిలోన్నర క్లోవర్ తేనెతో పులియబెట్టి, చివరి 200 గ్రాములు మాత్రం నారింజ తేనె కలుపుతాను. తెలియనివారు మొత్తం నారింజ తేనెతోనే చేశారనుకుంటారు.

పండ్లు, మసాలాలు వేసే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. బెర్రీల్లాంటి గట్టి రంగు, గట్టి పులుపు ఉన్న పండ్ల పక్కన సున్నితమైన తేనె వినిపించదు, అక్కడ సీసా తేనె నిశ్చింతగా వాడుకోవచ్చు. తేనెను మందపాటి గిన్నెలో నల్లబడేదాకా కాచి చేసే బోషే అనే రకానికి కూడా అంతే. కాచడంలో పూల పరిమళం ఎలాగూ పోతుంది, దాని స్థానంలో మాడిన పంచదార, టాఫీ రుచులు వస్తాయి. గిన్నె మాత్రం తేనెకు నాలుగింతలు పెద్దదిగా ఉండాలి, తేనె పొంగితే ఆపడం కష్టం, ఆ వేడి చర్మానికి అంటితే వదలదు.

కాబట్టి రెండు కిలోల నారింజ తేనె, ఒకే పెంపకందారు దగ్గర, ఒకే విడతలో తీసినది కొనండి. కిలోన్నర జాడీలోకి, 200 గ్రాములు తరువాతి తీపికి. మిగిలిన 300 గ్రాములను చిన్న సీసాలో పోసి, పువ్వు పేరు, తీసిన నెల, ఈ రోజు మీకు తగిలిన వాసనలు కాగితం మీద రాసి అతికించి, చీకటి చోట పెట్టండి. ఏడాది తరువాత మీడ్ ఒక గ్లాసులో, ఆ తేనె 25 గ్రాములు 75 గ్రాముల నీటిలో కలిపి మరో గ్లాసులో పోసుకుని, ఒకదాని తరువాత ఒకటి వాసన చూడండి. ఏది పోయిందో, ఏది మిగిలిందో ఆ రెండు గ్లాసుల మధ్య మీకే తెలుస్తుంది. రెండో జాడీకి తేనె కొనడానికి వెళ్ళేటప్పుడు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళండి.